పాత ట్రక్కు స్నో ప్లౌను చిన్న ట్రాక్టర్ లోడర్‌కు బిగించుకోవడం: కొనడం నుంచి మొదటి మంచు దాకా

మేముండేది మిషిగన్ రాష్ట్రం పడమటి భాగంలో, గ్రాండ్ ర్యాపిడ్స్‌కు కాస్త దూరంగా. ఇక్కడ చలికాలం మొదట్లో మిషిగన్ సరస్సు ఇంకా గడ్డకట్టదు. పడమటి నుంచి వచ్చే చలిగాలి ఆ నీటి మీదుగా తేమ తాగి, ఒడ్డు దాటగానే మంచుగా కుమ్మరిస్తుంది. గ్రాండ్ ర్యాపిడ్స్‌లో ఏడాదికి సగటున 70 అంగుళాలకు పైనే పడుతుంది. మా ఇంటి నుంచి రోడ్డుకు దాదాపు 400 అడుగుల కంకర దారి. మొదటి రెండు చలికాలాలు లోడర్ (ట్రాక్టర్ ముందు ఎత్తే చేతులు) బకెట్‌తోనే లాక్కొచ్చాను. బకెట్‌తో పని అవుతుంది, కానీ నిండిన ప్రతిసారీ ఆగాలి, ఎత్తాలి, పక్కన పోయాలి, మళ్లీ వెనక్కి రావాలి. ప్లౌ అయితే మంచును పక్కకు దొర్లించుకుంటూ సాగిపోతుంది. రెండు గంటల పని అరగంటకు వచ్చింది.

ఊళ్లో మడి చదును చేసే బ్లేడు చూసినవాళ్లకు స్నో ప్లౌ కొత్తగా అనిపించదు. అది ట్రాక్టర్ వెనక ఉంటుంది, ఇది ముందు ఉంటుంది. చిక్కంతా ఆ ముందు ఉండటంలోనే ఉంది.

పికప్ ట్రక్కు ప్లౌ దెబ్బ అంతా ట్రక్కు ఛాసిస్‌కే తగిలేలా తయారవుతుంది. ఆ ట్రక్కు ఖాళీగానే 5,000 నుంచి 6,500 పౌండ్లు తూగుతుంది. మన 25 నుంచి 35 హెచ్‌పీ ట్రాక్టర్ 2,000 నుంచి 3,000 పౌండ్లు. దాని లోడర్ చేతులు మట్టి ఎత్తడానికి చేసినవి, రాయిని గుద్దుకోవడానికి కాదు. పక్క నుంచి వచ్చే తోపు వాటికి అసలు పడదు. అందుకే ఈ మార్పులో ప్రతి నిర్ణయానికీ నేను ఒకటే ప్రశ్న వేసుకున్నాను: దెబ్బ తగిలితే ముందు లొంగేది ఏది? అది బ్లేడు కావాలి, స్ప్రింగు కావాలి, రిలీఫ్ వాల్వు (ప్రెషర్ హద్దు మీరితే నూనెను వదిలేసేది) కావాలి. లోడర్ చెయ్యి మాత్రం కాకూడదు.

ముందు మీ ట్రాక్టర్ సంగతి

కుబోటా, జాన్ డీర్, మహీంద్రా ఏదైనా సరే, ఆపరేటర్ మాన్యువల్ తీసి మూడు విషయాలు రాసుకోండి: బకెట్‌ను తగిలించే పిన్నుల దగ్గర లోడర్ ఎత్తగలిగే బరువు, హైడ్రాలిక్ పంపు ఇచ్చే ఫ్లో, రిలీఫ్ ప్రెషర్. ఆ లోడర్‌కు ముందు బ్లేడు బిగించడంపై కంపెనీ ఏమైనా హెచ్చరిక రాసిందేమో కూడా చదవండి. సబ్-కాంపాక్ట్ అనే మరీ చిన్న తరగతి ట్రాక్టర్ అయితే ట్రక్కు ప్లౌ జోలికి వెళ్లకండి. దానికి ఆ కంపెనీ అమ్మే చిన్న బ్లేడే సరైనది.

ఎత్తే బరువు విషయంలో చాలామంది పొరబడతారు. లోడర్ 1,000 పౌండ్లు ఎత్తుతుంది, ప్లౌ 450 పౌండ్లే కదా అనుకుంటారు. కానీ ఆ 1,000 అనేది పిన్నుల దగ్గర లెక్క. ప్లౌ బరువు పిన్నులకు మరో 3 అడుగులు ముందు వేలాడుతుంది. లోడర్ చెయ్యి పొడవు 5 అడుగులు అనుకుంటే 450ని 8తో గుణించి 5తో భాగించాలి. అంటే లోడర్‌కు అది 720 పౌండ్ల బరువుతో సమానం. మౌంట్ (ప్లౌను లోడర్‌కు కలిపే ఏర్పాటు) బరువు దీనికి అదనం. ఈ లెక్క మీ లోడర్ సామర్థ్యంలో నాలుగింట మూడు వంతుల లోపు ఉంటే నిశ్చింతగా ముందుకు వెళ్లొచ్చు.

ఏ ప్లౌ వెతకాలి

ఏప్రిల్ నుంచి ఆగస్టు మధ్య కొనండి. మంచు గుర్తుకు రాని రోజుల్లో అమ్మేవాడు బేరానికి దిగుతాడు, నవంబర్‌లో దిగడు.

మీకు కావాల్సింది బ్లేడు, దాని వెనక త్రికోణం ఆకారంలో ఉండే ఏ-ఫ్రేమ్, రెండు యాంగిల్ సిలిండర్లు. అంతే. పంపు, ట్రక్కు మౌంటు, లైట్లు అక్కర్లేదు. ట్రక్కు పోయి ప్లౌ మిగిలిపోయినవాళ్ల దగ్గర ఇలాంటివి దొరుకుతాయి. మేయర్, వెస్టర్న్ కంపెనీల పాత మోడళ్లలో ఏ-ఫ్రేమ్ వెనక రెండు చెవులు, వాటిలో రెండు పిన్నులు మాత్రమే ఉంటాయి. మన పనికి అవే తేలిక. కొత్త తరం ప్లౌలలో పంపు, లిఫ్ట్ ఫ్రేము అన్నీ ప్లౌతోనే కలిసి ఉంటాయి. వాటిని విడదీయడం, ఆ బరువు తగ్గించడం పెద్ద పని.

వెడల్పును ఇలా తేల్చుకోండి. బ్లేడును పక్కకు 30 డిగ్రీలు తిప్పితే అది చదును చేసే వెడల్పు తగ్గుతుంది. 90 అంగుళాల బ్లేడు 78 అంగుళాలకు, 78 అంగుళాలది దాదాపు 67కు, 72 అంగుళాలది 62కు వస్తుంది. మీ వెనక టైర్ల బయటి అంచుల మధ్య దూరం కొలవండి. తిప్పిన బ్లేడు దానికంటే కొన్ని అంగుళాలు ఎక్కువ ఉండాలి, లేకపోతే తీయని మంచు మీద టైరు ఎక్కుతుంది. 60 అంగుళాల ట్రాక్టర్‌కు ఆరున్నర అడుగుల బ్లేడు బాగా సరిపోతుంది. ఎనిమిది అడుగులది చవగ్గా వచ్చినా వద్దు. బరువు ఒక కారణం. బ్లేడు చివర రాయి తగిలితే ఆ పొడవు లోడర్‌ను మెలిపెట్టడం అంతకంటే పెద్ద కారణం.

చూడటానికి వెళ్లినప్పుడు సుత్తి, టార్చ్, టేపు వెంట ఉండాలి. బ్లేడు మధ్యలో తిరిగే కింగ్ పిన్ను రంధ్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా సాగిందా చూడండి. కొద్దిగా సాగితే బుష్ వేసుకోవచ్చు, బాగా సాగితే వదిలేయండి. ఏ-ఫ్రేమ్ మూలల్లో పెయింటు కింద తుప్పు గీతలా కనిపిస్తే అది పగులు. సిలిండర్ రాడ్ల మీద గోరు పెట్టి లాగండి. గుంటలు తగిలితే సీళ్లు ఎన్ని మార్చినా నూనె కారుతూనే ఉంటుంది. బ్లేడు రేకు తుప్పు పెద్ద సమస్య కాదు, దానికి మాసిక వేయొచ్చు. కింది కటింగ్ ఎడ్జ్ అరిగిపోయినా మార్చుకోవచ్చు. స్ప్రింగు ఒకటి తెగి ఉన్నా కంగారు పడకండి, ఎందుకో కింద చెబుతాను.

మౌంట్ తయారీ

లోడర్‌కు స్కిడ్ స్టీర్ క్విక్ అటాచ్ (బకెట్‌ను త్వరగా విప్పి వేరే పనిముట్టు తగిలించే ఏర్పాటు) ఉంటే సగం పని అయిపోయినట్టే. దానికి సరిపోయే ఖాళీ ప్లేటు, వెల్డింగ్ చేసుకోవడానికే అమ్ముతారు. జాన్ డీర్ సొంత పద్ధతి క్విక్ అటాచ్‌కు కూడా ప్లేట్లు దొరుకుతాయి. బకెట్ నేరుగా పిన్నులతో ఉన్న లోడర్ అయితే ముందు క్విక్ అటాచ్ అడాప్టర్ పెట్టుకోవడం మంచిది. కాకపోతే ఆ అడాప్టర్ బరువు, పొడవు పైన చేసిన లెక్కలో కలపాలి.

ప్లౌను ప్లేటుకు నేరుగా వెల్డింగ్ చేసేయకండి. కంకర దారి ఎత్తుపల్లాలకు బ్లేడు తనంతట తాను పైకీ కిందికీ ఆడాలి. ట్రక్కు మీద అది పిన్నుల మీద ఆడుతుంది, పైన గొలుసు మీద వేలాడుతుంది. ఇక్కడా అదే ఏర్పాటు చేస్తాం.

1. ట్రాక్టర్‌ను చదునైన కాంక్రీటు మీద పెట్టండి. ప్లేటు బిగించి, నిలువుగా ఉండేలా కిందికి దించండి. దాని కింద ఒకటిన్నర అంగుళం చెక్క ఉంచండి.

2. బ్లేడు నేల మీద సహజంగా నిలబడేలా పెట్టి, ఏ-ఫ్రేమ్‌ను చెక్కలతో ఎత్తి లెవల్ పెట్టి చూడండి. నేలకు సమాంతరంగా ఉండాలి. అప్పుడు దాని చెవుల రంధ్రం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అదే మన పిన్ను ఎత్తు. ఏ-ఫ్రేమ్ వెనక వైపు ఎత్తుగా ఉంటే తోసినప్పుడు బ్లేడు నేలలోకి తవ్వుతుంది. వెనక తగ్గితే మంచు మీదికి ఎక్కుతుంది.

3. అర అంగుళం ప్లేటు నుంచి నాలుగు చెవులు కోయండి, ఒక్కో వైపు రెండేసి. ఏ-ఫ్రేమ్ చెవి ఆ రెంటి మధ్య దూరాలి, రెండు వైపులా కొద్దిపాటి సందు మిగలాలి. ఒక్కో చెవికి ఒకదాని కింద ఒకటిగా మూడు రంధ్రాలు వేయండి. తర్వాత టైర్లు మార్చినా, కటింగ్ ఎడ్జ్ అరిగినా ఎత్తు సర్దుకోవచ్చు.

4. ఈ చెవులు ప్లేటులో ఎంత కింద ఉంటే అంత మంచిది. తోపు బలం లోడర్ కింది పిన్నుల వరుసకు దగ్గరగా వెళ్తుంది. చెవులు పైకి పోయేకొద్దీ ఆ బలం బకెట్ వంచే సిలిండర్ల మీద పడుతుంది.

5. ముందు టాక్‌లు (అక్కడక్కడ చిన్న చుక్క వెల్డింగులు) మాత్రమే పెట్టండి. పిన్నులు దూర్చి, బ్లేడును చేత్తో ఎత్తి దించి, రెండు పిన్నులూ ఒకే వరుసలో ఉన్నాయని చూశాకే పూర్తి వెల్డింగ్. పొడవైన ఒకే రాడ్డును నాలుగు చెవుల రంధ్రాల గుండా దూర్చి టాక్ పెడితే వరుస తప్పదు.

6. ప్లేటు మధ్యలో పైకి ఒక స్తంభం నిలబెట్టండి. 3 అంగుళాల చదరపు గొట్టం, పావు అంగుళం మందం, వెనక రెండు వైపులా ఆనింపులు. దీని కొస నుంచి ఏ-ఫ్రేమ్ ముందు భాగానికి గొలుసు. ఆ గొలుసు నేలతో కనీసం 45 డిగ్రీల కోణం చేసేంత ఎత్తు స్తంభానికి కావాలి. వాలు మరీ తక్కువైతే ఎత్తడానికి బదులు వెనక్కి లాగుతుంది.

టాక్‌లు పెట్టినా, పూర్తి వెల్డింగ్ చేసినా ట్రాక్టర్ మీద ఉండగా వద్దు. కొలతలకు మాత్రం ట్రాక్టర్ మీద, వెల్డింగ్‌కు విప్పి బల్ల మీద. పెయింటు, తుప్పు తెల్లగా మెరిసేదాకా గ్రైండ్ చేయండి. నేను 7018 రాడ్లు వాడాను. జింక్ పూత ఉన్న ఇనుము మీద వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ జబ్బు చేస్తుంది, పూత ముందే తీసేయాలి. మీకు వెల్డింగ్ అలవాటు లేకపోతే టాక్‌ల దాకా మీరు చేసి, తుది వెల్డింగ్ అనుభవం ఉన్న వెల్డర్ చేత వేయించండి. ఇక్కడ మొహమాటం అనవసరం. ఈ అతుకుల మీదే మిగతాదంతా వేలాడుతుంది.

బిగించాక ప్లేటును చాలా నెమ్మదిగా పూర్తిగా వెనక్కి వంచి చూడండి. స్తంభం లోడర్ అడ్డగొట్టానికి గానీ, ట్రాక్టర్ ముందు జాలీకి గానీ తగలకూడదు. నాది అంగుళం సందుతో తప్పింది. అది చాలదని ఎత్తు రెండు అంగుళాలు కోసి మళ్లీ ఆనింపులు వేశాను.

ఈ గొలుసు ఏర్పాటులో నాకు బాగా నచ్చినది ఒకటి ఉంది. ప్లేటును కాస్త వెనక్కి వంచితే చాలు, గొలుసు బిగిసి బ్లేడు లేస్తుంది. లోడర్ చేతులు కిందనే ఉంటాయి. తీస్తున్నప్పుడు గొలుసులో రెండు మూడు అంగుళాల వదులు ఉంచుతాను, బ్లేడు తన బరువుతో నేలను అంటిపెట్టుకుని ఆడుతుంది. లోడర్‌తో కిందికి నొక్కే వీలే ఉండదు. అది ఎంతో మంచిది, ఎందుకంటే నొక్కితే ముందు టైర్లు తేలిపోతాయి, స్టీరింగ్ పని చేయదు. లోడర్ ఏ ఎత్తులో ఉండాలో గుర్తుకు చేతి మీద తెల్ల పెయింటుతో ఒక గీత గీసుకోండి. లోడర్ మెల్లగా దిగిపోతుంటుంది కాబట్టి మధ్య మధ్యలో ఆ గీత వైపు ఓ చూపు వేయాలి.

ట్రిప్ స్ప్రింగులు

పూర్తిగా మడిచే బ్లేడుకు రాయి తగిలితే కింది అంచు వెనక్కి వెళ్లి, పై అంచు ముందుకు వంగి, అడ్డంకి మీదుగా దాటిపోతుంది. తర్వాత స్ప్రింగులు దాన్ని నిలబెడతాయి. ఫిషర్ ప్లౌలలో మొత్తం బ్లేడు కాకుండా కింది అంచు ఒక్కటే మడుస్తుంది. పద్ధతి ఏదైనా, ఆ స్ప్రింగుల బిగువు ట్రక్కు బరువుకు పెట్టింది. మన ట్రాక్టర్ తోసే బలానికి అవి అసలు కదలకపోవచ్చు. కదలకపోతే ఆ దెబ్బ మొత్తం లోడర్‌దే.

అందుకే స్ప్రింగుల బిగువు తగ్గించాలి. కంటి బోల్టుల నట్లు రెండు వైపులా సమానంగా వదులు చేయండి. నాలుగు స్ప్రింగులు ఉంటే జంటగా రెండు తీసేసి చూడొచ్చు. తెగిన స్ప్రింగు ఉన్న ప్లౌ పనికి రాకుండా పోదని చెప్పింది ఇందుకే. ఒకే వైపు మాత్రం తీయకండి, బ్లేడు మెలికపడుతుంది.

పరీక్ష ఇలా చేయండి. బ్లేడు పక్కకు తిప్పకుండా సూటిగా ఉంచి, లో గేరులో, ఐడిల్‌కు కొద్దిగా పైన, నేలలో బలంగా పాతుకుపోయిన మొద్దుకు బ్లేడు కింది అంచు ఆనించి మెల్లగా తోయండి. చక్రాలు జారకముందే బ్లేడు మడవాలి. చక్రాలు జారి బ్లేడు కదలకపోతే ఇంకా వదులు చేయాలి. మరీ వదులైతే తడి మంచు కుప్పను తోసినప్పుడే మడిచేస్తుంది. ఆ రెంటికీ మధ్య చోటు దొరకడానికి నాకు నాలుగైదు సార్లు పట్టింది. స్ప్రింగు బిగువుగా ఉన్నప్పుడు మీ చేతులు దాని దారిలో ఉండకూడదు.

హైడ్రాలిక్స్

ట్రక్కు ప్లౌ పాత 12 వోల్ట్ పంపును ట్రాక్టర్ బ్యాటరీకి తగిలిద్దామని చాలామందికి అనిపిస్తుంది. ఆ పంపు వంద ఆంప్స్‌కు పైగా లాగుతుంది. చిన్న ట్రాక్టర్ ఆల్టర్నేటర్ అందులో కొంత భాగమే ఇస్తుంది. పది సార్లు తిప్పేసరికి బ్యాటరీ దిగిపోతుంది. ట్రాక్టర్‌కే మంచి పంపు ఉన్నప్పుడు దాన్నే వాడుకోవాలి.

రెండు దారులు. ఒకటి, థర్డ్ ఫంక్షన్ వాల్వు: దానికి సొంత లైను, సొంత బటన్. రెండోది, డైవర్టర్ వాల్వు: బటన్ నొక్కి పట్టుకుంటే బకెట్ వంచే లివరే బ్లేడును పక్కకు తిప్పుతుంది. ఇది చవక, బిగించడం తేలిక. ప్లౌకు ఒక్కదానికే అయితే నా ఓటు డైవర్టర్‌కే. వెనక రిమోట్ (ట్రాక్టర్ వెనక ఉండే హైడ్రాలిక్ కనెక్షన్) ఉంటే అక్కడి నుంచి గొట్టాలు ముందుకు తెచ్చుకోవడం మూడో మార్గం. ఇవేవీ వద్దనుకుంటే పిన్ను తీసి చేత్తో బ్లేడు తిప్పి మళ్లీ పిన్ను పెట్టొచ్చు. పొడవైన సూటి దారికి అది కూడా సరిపోతుంది.

యాంగిల్ సిలిండర్లు ఒకవైపే తోసేవి. మన ఊరి ట్రాలీ జాకీ లాంటివి, ఒక్కోదానికి ఒకటే గొట్టం. వాల్వులోని ఒక పోర్టు ఎడమ సిలిండర్‌కు, రెండోది కుడి సిలిండర్‌కు. ఒకటి తోస్తుంటే రెండోది నూనెను వెనక్కి వదులుతుంది. లివరు వదిలితే రెండూ మూసుకుని బ్లేడు అక్కడే నిలుస్తుంది.

అలా మూసుకుపోవడమే ప్రమాదం కూడా. బ్లేడు ఒక చివర చెట్టు మొదలుకు తగిలితే ఆ వైపు సిలిండర్‌లో ప్రెషర్ ఒక్కసారిగా ఎగసి, రాడ్డు వంగుతుంది లేదా గొట్టం పగులుతుంది. ట్రక్కు పంపులో దీనికి రిలీఫ్ లోపలే ఉంటుంది. మన లోడర్ లైనులో ఉండదు. రెండు గొట్టాల మధ్య క్రాస్ఓవర్ రిలీఫ్ వాల్వు తప్పనిసరిగా పెట్టండి. దెబ్బ తగిలినప్పుడు ఒక వైపు నూనె రెండో వైపుకు వెళ్లి బ్లేడు తిరుగుతుంది, ఏదీ విరగదు. మొదట దాన్ని తక్కువకు పెట్టి, బరువైన మంచు తోసేటప్పుడు బ్లేడు తనంతట తిరగకుండా ఆగేదాకా కొద్దికొద్దిగా పెంచుతూ రండి. నేను ప్లౌతో మొదటి చలికాలం ఇది లేకుండానే నడిపి ఒక సిలిండర్ రాడ్డు వంచుకున్నాను.

పాత ప్లౌ సిలిండర్లలో ప్లౌ నూనె లేదా ట్రాన్స్‌మిషన్ నూనె ఉంటుంది, ట్రాక్టర్‌లోది వేరే నూనె. గొట్టాలు విప్పి, రాడ్లను పూర్తిగా లోపలికి నెట్టి పాతదంతా బకెట్‌లోకి వదిలేయండి. ట్రాక్టర్ నూనె కొద్దిగా పోసి మళ్లీ కడగండి. తుప్పు నీరు వస్తే సిలిండర్ విప్పాల్సిందే, ఎందుకంటే ఆ మురికి మీ ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్‌లోకే వెళ్తుంది. పాత సిలిండర్లలో రాడ్డు చుట్టూ ప్యాకింగ్ నట్టు ఉంటుంది. నూనె చెమ్మ కనిపిస్తే పావు చుట్టు బిగిస్తే చాలాసార్లు ఆగిపోతుంది.

గొట్టాలు రెండు వరుసల తీగ ఉన్నవి, కనీసం 3,000 పీఎస్‌ఐకి తగినవి తీసుకోండి. సిలిండర్ మర కొలిచాకే ఫిట్టింగులు కొనండి, పైపు మరకు వేరే రకం ఫిట్టింగ్ బలవంతంగా ఎక్కిస్తే కారుతుంది. బ్లేడు రెండు కొసలకూ తిప్పి, ప్లేటు పూర్తిగా వంచి గొట్టం పొడవు చూసుకోవాలి.

తిరిగే వేగం కూడా లెక్క కట్టొచ్చు. ఒకటిన్నర అంగుళాల బోరు, 10 అంగుళాల నడక ఉన్న సిలిండర్‌లో దాదాపు 18 ఘనపు అంగుళాల నూనె పడుతుంది. నిమిషానికి 4 గ్యాలన్ల పంపు అంటే సెకనుకు 15 ఘనపు అంగుళాలు. అంటే బ్లేడు ఒక కొస నుంచి ఇంకో కొసకు సెకను పైచిలుకులో విసురుగా కొట్టుకుంటుంది. లైనులో సన్నని రంధ్రం ఉన్న ఫిట్టింగ్ పెడితే నెమ్మదిస్తుంది.

లీకు వెతకడానికి అట్టముక్క వాడండి, చెయ్యి ఎప్పుడూ వద్దు. సన్నని నూనె ధార చర్మంలోకి దూరితే పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు. అయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఆలస్యమైతే వేలు పోతుంది.

వెనక బరువు, టైర్లు

ముందు ప్లౌ వేలాడితే వెనక తేలికవుతుంది. బ్రేకు వెనక చక్రాలకే కాబట్టి ఇది పట్టుకే కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం. వెనక పనిముట్లు తగిలించే త్రీ పాయింట్‌కు బాక్స్ బ్లేడు గానీ, కాంక్రీటు పోసిన బ్యాలస్ట్ బాక్సు గానీ తగిలించండి. టైర్లలో నీళ్లు నింపొద్దు, గడ్డకడతాయి. ఇక్కడ బీట్ రసం, కాల్షియం క్లోరైడ్ ద్రావణం లాంటివి నింపుతారు. కాల్షియం క్లోరైడ్ రిమ్ముకు తుప్పు పట్టిస్తుంది, ట్యూబు ఉంటేనే వాడాలి. గట్టి మంచు మీద టైర్లకు గొలుసులు కూడా కావాలి. మన దగ్గర దమ్ముకు ఇనప చక్రాలు వేసినంత అవసరం వీటిది. గొలుసులకూ ఫెండర్లకూ మధ్య సందు చూశాకే కొనండి.

కంకర దారి

బ్లేడు నేరుగా దింపితే మంచుతో పాటు కంకర కూడా గడ్డిలోకి పోతుంది. వేసవిలో అది ఏరుకోవడం నాకు తెలుసు. కటింగ్ ఎడ్జ్‌కు సరిపోయే గాడి కోసిన రెండు మూడు అంగుళాల ఇనప గొట్టాన్ని కింది అంచుకు తొడిగి, రెండు చోట్ల బోల్టులతో పట్టించండి. గుండ్రంగా ఉంటుంది కాబట్టి కంకర మీద తేలిపోతుంది. బ్లేడును నేలకు కాస్త ఎత్తులో ఉంచే ఇనప షూల కంటే ఇదే నాకు బాగా పని చేసింది. మొదటి ఒకటి రెండు మంచులు తీయకుండా ట్రాక్టర్‌తో తొక్కించి గట్టిపరిస్తే అదే ఒక పొరలా గడ్డకట్టి, కంకరను పట్టి ఉంచుతుంది.

మొదటి మంచు

నేల గడ్డకట్టకముందే దారికి రెండు పక్కలా ఎత్తైన గుర్తు కర్రలు పాతండి. బావి మూత, గ్యాస్ మీటరు, కల్వర్టు అంచుల దగ్గర కూడా. మంచు కింద అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

సీటు బెల్టు పెట్టుకోండి, బోల్తా పడితే కాపాడే రోల్ బారు నిలబెట్టే ఉంచండి. మనిషి వడిగా నడిచే వేగం చాలు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది, స్ప్రింగులకు మడిచే సమయం కూడా ఉండదు. గ్యారేజీ ముందు బ్లేడును తలుపు దాకా తీసుకెళ్లి దించి, మంచును వెనక్కి లాగండి, తర్వాత తిరిగి తోయండి. కుప్పలను మొదటి నుంచే దూరంగా నెట్టండి. డిసెంబర్ కుప్ప జనవరికి రాయవుతుంది, ఫిబ్రవరికి దారి సన్నబడుతుంది.

దారి చివర రోడ్డు ప్లౌ వదిలివెళ్లే గట్టు అన్నిటికంటే బరువు. దాన్ని ఒక్కసారిగా గుద్దకండి. బ్లేడు తిప్పి అంచు నుంచి కొద్దికొద్దిగా చెక్కుతూ రండి. ఆ మంచును రోడ్డు అవతలికి తోయకండి, రోడ్డు మీద వదలకండి. మిషిగన్ వాహన చట్టం దాన్ని నిషేధిస్తుంది. వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి నియమం చూసుకోండి.

మొదటి రెండు గంటల పని తర్వాత ఇంజన్ ఆపి, ప్లౌ నేల మీదికి దించి, లోడర్ ఫ్రేము బోల్టులన్నీ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు మళ్లీ బిగించండి. చెవుల అతుకుల అంచుల్లో పెయింటు ఎక్కడైనా సన్నగా చిట్లిందేమో టార్చ్ వేసి చూడండి. చిట్లితే ఆ రోజుకు బకెట్ పెట్టుకుని, ప్లేటు విప్పి మళ్లీ గ్రైండ్ చేసి వెల్డింగ్ వేయాల్సిందే.